రోలు చప్పుడు వినిపించే వీధి

నాకు గడియారం చూడటం రాదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచిపెట్టానని అనుకోకండి. సంతకం వచ్చు, బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదువుతాను, అంతే. ఇదంతా నేను చెబుతుంటే పక్కింటి కోడలు రాస్తోంది. నా గొంతు మొదట్నుంచీ బొంగురే. వార్డులో నేను కేకేస్తే పురిటి బిడ్డలు ఉలిక్కిపడేవాళ్లు. పాపం, ఈ అమ్మాయి చెవులు ఏమైపోతాయో.

మొన్న ఒక నర్సు పిల్ల నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఊరి బయట ఆసుపత్రిలో ఉద్యోగం దొరికిందట. "అమ్మమ్మా, గది ఆసుపత్రి పక్కనే తీసుకోనా, ఊళ్లో తీసుకుని నడిచి పోనా?" అని అడిగింది. ఒక్క మాటలో చెప్పలేక ఆ పిల్లని కూర్చోబెట్టి టీ పోసి ఈ కథంతా చెప్పాను. టీ చల్లారిపోయింది. మీరు మాత్రం ముందు టీ తాగేయండి.

మాది రేపల్లె దగ్గర పల్లె. చేలల్లో కూలికి పోయేవాళ్లం. మా ఆయన జ్వరంతో మూడు రోజుల్లో పోయాడు. పిల్లల్లేరు. రేపల్లెలో ఒక ఆసుపత్రిలో రెండేళ్లు నీళ్లు మోశాను. ఆ తర్వాత మా చర్చి అయ్యగారు ఉత్తరం రాసిచ్చి తెనాలి పంపించారు. తెనాలి ఊరి బయట, సంగం జాగర్లమూడి పోయే కాలవ దారిలో, అప్పుడే కొత్తగా ఆసుపత్రి లేచింది. అందులో పురిటి వార్డు ఆయా పని. ఏడాది టెంపరరీ, బాగా చేస్తే పర్మనెంట్. అప్పటికి నాకు ముప్ఫై రెండేళ్లు. ఆ ఉద్యోగం పోతే మళ్లీ నాట్లకి పోవడమే.

ఆసుపత్రి ప్రహరీ లోపలే నాకొక గది ఇచ్చారు. క్వార్టరు అనేవాళ్లు దాన్ని. మా అన్న బాపట్ల నుంచి వచ్చి చూసి మురిసిపోయాడు. "గేటుంది, గేటుకి మనిషున్నాడు, అద్దె లేదు. నాలుగడుగులేస్తే డ్యూటీ. మహారాణిలా ఉండవే," అన్నాడు. నేనూ అట్లాగే అనుకున్నాను.

డ్యూటీలో ఉన్నంతసేపూ బాగానే ఉండేది. అది దిగి గదికి పోతే చుట్టూ వరి చేలు, కప్పల అరుపులు. మాట్లాడదామంటే గోడే. వర్షాకాలంలో ఒకసారి నాకు వరసగా రెండు రోజులు సెలవు వచ్చింది. సరిగ్గా ఆ రెండు రోజులే జ్వరం కాసింది. లేచి కుండ దగ్గరికి పోలేకపోయాను. కూతవేటు దూరంలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు, మందులున్నాయి. ఒక్కరూ తలుపు తట్టలేదు. తప్పు వాళ్లది కాదు, నాకు సెలవు కదా, ఊరికి పోయిందేమో అనుకున్నారు. మూడో రోజు గోడ పట్టుకుని డ్యూటీకి పోతే మేట్రనమ్మ అడిగింది, "ఏమ్మా, సెలవు బాగా గడిచిందా?" అని.

ఆ రోజే తీర్మానించుకున్నాను. నేను చచ్చిపోతే సాయంత్రానికైనా తెలిసే వీధిలో ఉండాలని.

మేట్రనమ్మ పొడుగ్గా, కర్రలా ఉండేది. పెళ్లి చేసుకోలేదు. చేతికి గడియారం, నోటికి తాళం. ఆవిడా ఆ ప్రహరీలోనే ఉండేది. గది వదిలేస్తానంటే నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఊళ్లో ఉంటే పొద్దున ఆరింటికి ఎట్లా వస్తావు?"

"నడిచి వస్తానండి."

"నీకు టైము చూడటమే రాదు కదమ్మా. సరే, నీ ఇష్టం. మూడుసార్లు ఆలస్యంగా వస్తే మాత్రం పర్మనెంట్ మాట మర్చిపో."

అట్లా, హాయిగా ఉన్న ఉద్యోగాన్ని నేనే తీసుకెళ్లి గడియారం నోట్లో పెట్టాను.

సెలవు దొరికినప్పుడల్లా తెనాలి వీధులు తిరిగాను. ఒక వీధిలో మేడలు బాగున్నాయి గానీ తలుపులన్నీ మూసే ఉన్నాయి. నడిచినంత దూరం నన్నెవరూ అడగలేదు. ఇంకో వీధి పక్కనే బియ్యం మిల్లు. అక్కడ అరిచినా వినపడదు. మూడోది సన్నటి సందులాంటి వీధి. రెండు బళ్లు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాలి. కుట్టు మిషన్లు, పాల బిందెలు, అరుగుల మీద బియ్యం ఏరే ఆడవాళ్లు. ఒక కొస నుంచి రెండో కొసకి పోయేలోగా నలుగురు అడిగారు, "ఎవరింటికమ్మా?" అని. ఆ ప్రశ్న కోసమే మళ్లీ వెనక్కి తిరిగాను. మూడోసారి తిరిగేసరికి, ఒక చిన్న టిఫిన్ కొట్టు అరుగు మీద కూర్చున్న ముసలమ్మ ఇక ఆగలేకపోయింది.

"ఏంటమ్మాయ్, అటూ ఇటూ మూడుసార్లు తిరిగావు. ముక్కుపుడక పారేసుకున్నావా?"

"గది కావాలండి."

"ఎంతమంది?"

"నేనొక్కదాన్నేనండి. మా ఆయన పోయాడు. ఆసుపత్రిలో ఆయాని. చర్చికి పోయేవాళ్లమండి."

అన్నీ ఒకేసారి చెప్పేశాను. ఒక్కోటి అడిగించుకుంటే ఒక్కో దగ్గర తలుపు పడుతుందని నాకు తెలుసు. లోపల పొయ్యి దగ్గరున్న కొడుకు గరిటె పట్టుకుని బయటికొచ్చాడు. "అమ్మా, వీధిలోవాళ్లు ఏమంటారో..." అని నసిగాడు.

"చర్చికి ఆదివారం పోయిద్ది. మిగతా ఆరు రోజులూ ఎక్కడో ఒకచోట ఉండాలిగా? నువ్వు పోయి అట్టు తిరగెయ్, మాడిపోతంది," అని వాణ్ణి లోపలికి తోలింది. నా వైపు తిరిగి, "నీసు వండుతావా?" అంది.

"దొరికినప్పుడండి."

"వండిన రోజు కొట్టు వైపు కిటికీ ముయ్యి. పొద్దున ఎన్నింటికి పోవాలి?"

"ఆరింటికి అక్కడుండాలండి. నాకు గడియారం చూడటం రాదు."

ముసలమ్మ నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గు అందుకుంది. దగ్గీ దగ్గీ కళ్లు తుడుచుకుని, "నాకు మాత్రం వచ్చా? నాలుగింటికి నా దగ్గు నన్ను లేపిద్ది. లేచి పెసలు రుబ్బుతా. నా రోలు నిన్ను లేపిద్ది. గోడ అవతలే నీ గది," అంది.

ఆ గది అట్లా దొరికింది. అద్దె ఎంతో తర్వాత అడిగాను.

పెసరట్టు పిండి ముందురోజు రుబ్బి పెట్టుకునేది కాదు. నానిన పెసలు తెల్లవారుఝామున రుబ్బాలి, అప్పుడే అట్టుకి రుచి. ముసలమ్మ రోలు ముందు కాళ్లు చాపుకుని కూర్చుని పొత్రం తిప్పేది. గోడ అవతల ముందు దగ్గు, తర్వాత గరగరమని రోలు. పెసలు నలుగుతున్నకొద్దీ ఆ గరగర మెత్తబడేది. పచ్చిమిరపకాయల వాసన గోడ మీంచి వచ్చేసరికి నేను మొహం కడుక్కుని ఉండాలి. పిండి చేత్తో తోడుతున్న చప్పుడుకి చెప్పులేసుకోవాలి. ఇంతకంటే మంచి గడియారం ఎక్కడుంది చెప్పండి?

వీధి చివరికి చేరేలోపల అందరి సంగతులూ తెలిసిపోయేవి. పాలావిడ గేదె ఈనిందీ, టైలరు భార్య అలిగిందీ. నేనూ ఆసుపత్రిలో ఎవరికి ఏ బిడ్డ పుట్టిందో చెబుతూ పోయేదాన్ని. కాలవ గట్టు ఎక్కేసరికి నాకు ఒళ్లు వెచ్చబడేది. కార్తీకం, మార్గశిరం, పుష్యం, ఒక్కరోజు ఆలస్యం కాలేదు.

శివరాత్రికి దెబ్బతిన్నాను. వీధి వీధంతా జాగారం చేసింది. రాత్రంతా సందడే. నాకు మాటిమాటికీ మెలకువ వచ్చింది. ఇది రోలు చప్పుడు కాదులే అని మళ్లీ పడుకున్నాను. తెల్లవారుతుండగా వాళ్లంతా గుడి నుంచి వచ్చి, స్నానాలు చేసి, ఎక్కడివాళ్లక్కడ ఒరిగిపోయారు. కొట్టు తెరవలేదు. జాగారం చేసినవాళ్లకి నిద్రొచ్చిందంటే అర్థం ఉంది. రాత్రంతా దుప్పటి కప్పుకున్న నేను కూడా వాళ్లతోపాటు పడుకుండిపోయాను. ఎండ తలుపు సందులోంచి మొహం మీద పడ్డాక లేచి, జుట్టు ముడేసుకుంటూ పరుగెత్తాను.

మేట్రనమ్మ చేతి గడియారం చూసి, "ఒకటి," అంది.

రెండోది నా తెలివితక్కువతనమే. ముసలమ్మ దగ్గు వినలేక కాంపౌండరుని బతిమాలి ఒక సీసా మందు తెచ్చాను. "పెద్దమ్మా, రాత్రి పడుకోబోయేముందు రెండు చెంచాలు తాగు," అని నేనే పోసి తాగించాను. ఆ రాత్రి ఆవిడకి దగ్గు రాలేదు. ఎన్నేళ్లయిందో అట్లా నిద్రపోయి. దగ్గు రాలేదు కాబట్టి మెలకువ రాలేదు. రోలు తిరగలేదు. నేనూ లేవలేదు. పొద్దెక్కాక కొట్టు ముందు జనం, "ఏం ముసలమ్మా, ఇయ్యాల అట్లు మధ్యాన్నానికా?" అని ఎగతాళి చేస్తుంటే ఇద్దరం ఒకేసారి లేచాం.

ఆవిడ అట్ల సంగతి పట్టించుకోలేదు. నా మొహమే చూసింది. "ఒసేయ్, నీ డ్యూటీ!" అంది.

మేట్రనమ్మ, "రెండు," అంది.

సాయంత్రం తిరిగొచ్చి కొట్టు అరుగు మీద కూలబడి ఉన్నమాట చెప్పాను. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఉద్యోగం పోతుందని అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ముసలమ్మ లేచి, మందు సీసా తీసుకెళ్లి రోలు వెనక గూట్లో పెట్టింది.

"నువ్వు పర్మనెంటు అయినాక తాగుతాలే. అప్పటిదాకా ఇది నాకొద్దు."

"దగ్గు ముదిరిద్ది పెద్దమ్మా. నన్ను లేపడానికి మీ అబ్బాయి తలుపు కొట్టలేడా?"

"వాడా! వాణ్ణి లేపడానికే ఒకళ్లు కావాలి. కోడలు చూస్తే కడుపుతో ఉంది. ఇరవయ్యేళ్ల నుంచి నన్ను రోజూ లేపే దగ్గు, ఇంకో మూణ్ణెల్లు లేపితే నన్ను మింగేస్తదా?"

వీధికి కూడా కబురు పాకింది. మర్నాటి నుంచి పొద్దున నేను పోతుంటే ఒక్కరూ నోరు విప్పరు. నేనే పలకరించినా పాలావిడ పెదాలు బిగించుకుని చెయ్యి ఊపేది, పో పో అని. టైలరు సూది నోట్లో పెట్టుకుని కళ్లతో దారి చూపించేవాడు. మాట పెట్టుకుంటే ఆలస్యమవుతుందని వాళ్ల భయం. వాగుడుకాయ వీధి, నా కోసం పొద్దునపూట మూగనోము పట్టింది. సాయంత్రం తిరిగొచ్చేసరికి దాచుకున్న మాటలన్నీ మీద పడేవి.

మందు సంగతి ఇంకోసారి అడిగాను. "నోర్మూసుకో," అంది. మూడోసారి అడగలేదు. ఇక్కడ నిజం చెప్పాలి. తెల్లవారుఝామున గోడ అవతల దగ్గు వినిపిస్తే నాకు జాలి కలగడానికి ముందు ధైర్యం కలిగేది. హమ్మయ్య, లేచింది అనుకునేదాన్ని. వార్డులో ఎవరైనా అట్లా దగ్గితే పరుగున పోయి డాక్టరమ్మని పిలుచుకొచ్చేదాన్ని. మా ముసలమ్మ దగ్గు గురించి మాత్రం ఆవిడకి చెప్పలేదు.

తొలకరి మొదలైంది. నాకు ఏడాది నిండటానికి ఇంకో వారం ఉంది. ఒకనాడు తెల్లవారుఝామున రోలు చప్పుడుకి మెలకువ వచ్చింది. లేచి కూర్చున్నాను గానీ ఏదో తేడాగా ఉంది. ముందు దగ్గు వినపడలేదు. చప్పుడులో మెత్తదనం లేదు. రాయి మీద రాయి రాసుకుంటున్నట్టు గీరుకుంటోంది, ఎంతసేపటికీ మెత్తబడటం లేదు. ఖాళీ రోలు తిప్పడం మహా అపశకునం. ఎవరు తిప్పినా ముసలమ్మ చెయ్యి విరగ్గొడుతుంది. ఇదేం పోయేకాలం అనుకుంటూ తలుపు తీసుకుని బయటికొచ్చాను.

రోలు ముందు కొడుకు కూర్చున్నాడు. పొత్రం తిప్పుతున్నాడు. రోట్లో ఒక్క పెసర గింజ లేదు. పొయ్యి వెలగలేదు. లోపల, దీపం పెట్టిన చోట, ముసలమ్మని కింద పడుకోబెట్టి ఉన్నారు.

నన్ను చూసి వాడు పొత్రం వదిలేశాడు.

"నాలుగింటికి పోయిందక్కా. దగ్గుతానే పోయింది. కడుపుతో ఉందని మా ఆవిణ్ణి పాలావిడ ఇంటికి పంపించా. పోయేముందు అమ్మ ఒకటే మాటంది. ఆ పిల్లని లేపరా అంది."

"లేపమంటే తలుపు కొట్టచ్చుగా తమ్ముడూ! చావింట్లో రోలేంటి? అదీ ఖాళీ రోలు!"

"తలుపు కొడితే సంగతి చెప్పాల్సొచ్చిద్ది. చెబితే నువ్వు పోవు. రోలు తిప్పితే మామూలుగా లేచి, మామూలుగా పోతావనుకున్నా." మోకాళ్ల మీద తల పెట్టుకుని, "అమ్మ తిప్పినట్టు రాలేదక్కా," అన్నాడు.

నేను లోపలికి పోయి ముసలమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాను. వీధిలోవాళ్లు ఒక్కొక్కరే వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. శవం లేచేదాకా ఆ వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించరు, ఎవరూ పనిలోకి పోరు. నేను కూడా పోకూడదనే కూర్చున్నాను. పాలావిడ వచ్చి నా రెక్క పట్టుకుంది. మూడు నెలల తర్వాత పొద్దునపూట నాతో మాట్లాడింది. "లే. నువ్వు పోకపోతే ఆవిడ దగ్గిందంతా వృథా అయిపోయిద్ది. నువ్వొచ్చేదాకా లేవనియ్యంలే, పో," అంది.

లేచాను. కాలవ గట్టు ఎట్లా దాటానో తెలియదు. ఆసుపత్రి వరండాలోకి పోయి, రిజిస్టరులో నా సంతకం పెట్టి, ఆ బల్ల మీదే తల పెట్టుకుని ఏడ్చాను.

మేట్రనమ్మ వచ్చింది. గడియారం చూసింది, నన్ను చూసింది. "టైముకే వచ్చావు కదమ్మా. ఏమైంది?"

వెక్కుతూ చెప్పాను. దగ్గు, రోలు, మందు సీసా, మూడో లేటు భయం, అన్నీ. చెప్పి, "టైముకి వచ్చానండి. సంతకం పెట్టానండి. ఇప్పుడు నన్ను పంపించండి," అన్నాను.

మేట్రనమ్మ నిలబడిన మనిషి కుర్చీ లాక్కుని కూర్చుంది. "కబురు పంపిస్తే సెలవిచ్చేదాన్ని కదే. అంత రాక్షసిలా కనపడ్డానా నీకు?" అంది. ఏడాదిలో నన్ను 'అమ్మా' అనకుండా 'కదే' అని చనువుగా అనడం అదే మొదలు. రిజిస్టరు నా ముందుకు తిప్పి, వెనక పేజీలు తీసి వేలు పెట్టి చూపించింది.

"నీ వరసలో ఎక్కడైనా ఎర్ర సిరా కనపడుతోందా? ఒకటి అన్నాను, రెండు అన్నాను, నిన్ను భయపెట్టడానికన్నాను. రాయలేదు. బిడ్డల్ని నీలా పట్టుకునే ఆయా నాకు ఎక్కడ దొరుకుతుంది?"

రోజూ ఆ పుస్తకంలోనే సంతకం పెట్టాను. ఆలస్యమైతే ఎర్ర సిరాతో రాస్తారని తెలియని దాన్ని కాబట్టి, నా వరసలో అది ఉందో లేదో ఎన్నడూ చూసుకోలేదు. ఎవరినీ అడగలేదు. రాయని లేట్ల కోసం ఒక ముసలావిడ మూణ్ణెల్లు మందు తాగకుండా దగ్గింది. ఇది నేను చేసిన తప్పు. మేట్రనమ్మది కాదు, ముసలమ్మది కాదు. ఆ మందు తాగితే బతికేదో లేదో డాక్టరమ్మ కూడా చెప్పలేకపోయింది. నేను కూడా ఇప్పటిదాకా తేల్చుకోలేదు.

ఆ రోజు మేట్రనమ్మ నాతోపాటే కాలవ గట్టు మీద నడిచి మా వీధికి వచ్చింది. ఆసుపత్రి ప్రహరీ దాటి ఆవిడ అంత దూరం నడవడం నేనెప్పుడూ చూడలేదు. వీధి మొదట్లోనే ఒకావిడ, "ఎవరి తాలూకండీ?" అని అడిగింది. మేట్రనమ్మ తడబడి, నన్ను చూపించి, "ఈ అమ్మాయి తాలూకు," అంది. అరుగు దులిపి కూర్చోబెట్టారు, మంచినీళ్లిచ్చారు. ముసలమ్మకి కూతుళ్లు లేరు. స్నానం ఎవరు చేయించాలని పెద్దవాళ్లు తర్జనభర్జన పడుతుంటే కొడుకు, "అక్క చేయించిద్ది. అక్క పని అదేగా," అన్నాడు. నేను చేయించాను. ఎంతమంది బిడ్డలకో తొలి స్నానం చేయించిన చేతులివి. ఆవిడకి చివరిది చేయించాను.

పెద్దకర్మ అయ్యాక గూట్లోంచి మందు సీసా తీసి నా చేతికిచ్చారు. రెండు చెంచాలు తప్ప నిండుగా ఉంది.

పర్మనెంటు కాగితం వచ్చింది. చదివి పెట్టమంటే వీధిలో అందరూ ఒకరి తర్వాత ఒకరు పైకి చదివారు. మేట్రనమ్మ మళ్లీ క్వార్టరు ఇస్తానంది. వద్దన్నాను. "తెలుసులే, ఊరికే అడిగా," అంది. చాలా ఏళ్లకి ఆవిడ రిటైరయ్యి, మా వీధిలో ఏదైనా గది ఉందేమో చూడమని నన్నే అడిగింది. అది వేరే సంగతి.

కాబట్టి అమ్మా, ఇల్లు వెతుక్కునేటప్పుడు ఆసుపత్రికి ఎంత దూరమని ఒక్కటే అడక్కండి. ఆ వీధిలో మూడుసార్లు అటూ ఇటూ తిరగండి. నాలుగోసారికైనా ఎవరూ "ఏం పారేసుకున్నావు?" అని అడక్కపోతే ఆ గది మీకొద్దు. అడిగితే మాత్రం ఒకటి గుర్తుపెట్టుకోండి. వాళ్లు మీ కోసం చెవులొగ్గి ఉంటారు. మీరూ వాళ్ల దగ్గు వినాలి.

ఇంకొక్క మాట చెప్పి ఆపేస్తాను. శ్రావణంలో టిఫిన్ కొట్టు కోడలు మా వార్డులోనే ఆడపిల్లని కన్నది. నేనే ఎత్తుకుని తండ్రికి చూపించాను. "అమ్మ పోయాక మా ఆవిడే రుబ్బేది, ఇప్పుడది పురిట్లో ఉంది, పెసలు ఎవరు రుబ్బుతారక్కా, రేపు కొట్టు మూసేస్తా," అన్నాడు వాడు. ఆ సాయంత్రం పెసలు నానబోయమన్నాను.

మర్నాడు నన్నెవరూ లేపలేదు. దగ్గు లేదు, రోలు లేదు, అయినా ముసలమ్మ లేచే వేళకే మెలకువ వచ్చింది. రోలు ముందు కాళ్లు చాపుకుని కూర్చుని పొత్రం పట్టుకున్నాను. మొదట గరగరమంది, పోనుపోను మెత్తబడింది. పిండి తోడుతుంటే పాలావిడ తలుపు తీసిన చప్పుడైంది. తర్వాత టైలరు దగ్గాడు. ఎవరో బావిలో చేద వేశారు.

"ఎవరదీ రుబ్బేది?" అని చీకట్లోంచి కేకేశారు.

"నేనే. లేవండి, నాలుగయింది," అన్నాను.